ఫాంటమ్ ముంబైకి వస్తోంది: మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారు?

నల్లకుంట_నాని
9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:12

టికెట్ దొరికిందోచ్! మార్చిలో ముంబై, బాంద్రా కుర్లా కాంప్లెక్స్, నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌లోని గ్రాండ్ థియేటర్. ‘ద ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ అనే ఇంగ్లీషు మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, మన దేశానికి రావడం ఇదే మొదటిసారి.

లాక్‌డౌన్ మొదట్లో, 2020 ఏప్రిల్‌లో, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో తీసిన పాతికేళ్ల పండగ ప్రదర్శనను యూట్యూబులో రెండు రోజులు ఉచితంగా పెట్టారు గుర్తుందా? ఆ రెండు రోజుల్లో మూడుసార్లు చూశాను. సగం మొహానికి తెల్ల ముసుగు వేసుకున్న ఫాంటమ్‌ని, అదే ఒపెరా దెయ్యాన్ని, చూసి మా అమ్మ, ‘పాపం, పన్ను పీకించుకున్నాడా?’ అంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన పేరు పన్నునొప్పాయన. ఆర్గన్ మీద ఆ ఐదు స్వరాలు జారుకుంటూ దిగితే చాలు, అమ్మ వంటింట్లోంచి ‘వచ్చాడా?’ అని అడుగుతుంది.

నేను మాత్రం షాండ్లియర్ కోసమే, అదే పైకప్పుకి వేలాడే పెద్ద దీపాల గుత్తి కోసమే, వెళ్తున్నాను. దాని కింద కూర్చుని అది మీద పడుతుంటే చూడాలి. మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారో చెప్పండి. నాటకం చూసినవాళ్ళు, నవల చదివినవాళ్ళు, రెండూ లేనివాళ్ళు, అందరూ రండి.


పాప్‌కార్న్
9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:20

టికెట్టు, రైలు, హోటలు అన్నీ కలిపితే ఎంతయిందో ముందు చెప్పన్నా. తర్వాత షాండ్లియర్ సంగతి చూద్దాం.


నల్లకుంట_నాని
9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:22

అది ఇంట్లో కూడా చెప్పలేదు తమ్ముడూ. ఇక్కడెలా చెప్తాను?


ఐదోబాక్సు
9 ఫిబ్రవరి 2025, రాత్రి 11:05

నా పేరు చూసే ఉంటారు (ఒపెరాలో దెయ్యం తన కోసం అట్టేపెట్టుకున్న సీట్ల గది అది), కాబట్టి ఇది పొడుగ్గానే ఉంటుంది. ఓపిక పట్టండి.

నేను నవల వైపు మనిషిని. ఈ నాటకానికి మూలమైన నవల రాసిన గాస్టన్ లెరూ పత్రికా విలేకరి. ఈ కథ 1909 సెప్టెంబరు నుంచి 1910 జనవరి దాకా ‘లె గొలువా’ అనే పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందుకే చదువుతుంటే ప్రేమకథలా ఉండదు, మన వారపత్రికల్లో డిటెక్టివ్ సీరియల్‌లా ఉంటుంది. సాక్షులు, ఉత్తరాలు, పోలీసు వాంగ్మూలాలు... ‘ఒపెరా దెయ్యం నిజంగానే ఉండేది’ అని మొదటే బల్లగుద్ది, ఇక అక్కడి నుంచి రుజువులు తెచ్చి పోస్తూ ఉంటాడు. నిజం, కట్టుకథ ఎక్కడ కలిశాయో తెలియకుండా కలిపాడు మహానుభావుడు. పారిస్ ఒపెరా భవనం కింద నీళ్ళున్న మాట నిజం. పునాదులు తవ్వుతుంటే ఊట ఆగకపోతే, ఆ నీళ్ళ కోసం కింద పెద్ద తొట్టెలాంటిది కట్టేశారు. లెరూ దాన్ని సరస్సు చేసి పడవ వేశాడు. 1896లో షాండ్లియర్ బరువును నిలబెట్టే తూకపు దిమ్మ ఒకటి తెగిపడి ఒక మనిషి చనిపోయిన మాటా నిజమే. లెరూ ఏకంగా షాండ్లియర్‌నే పడేశాడు.

మ్యూజికల్‌లో నాకు కనపడనివి మూడున్నాయి. ఒకటి, దరోగా. పర్షియాలో పోలీసు అధికారిగా చేసినవాడు, దెయ్యం పూర్వచరిత్ర అంతా తెలిసిన ఒకే ఒక్కడు, నవల చివరి భాగం చాలావరకు అతని నోటితోనే నడుస్తుంది. అంతటివాణ్ణి తీసి గుమ్మం బయట నిలబెట్టారు. బాక్సులు చూసుకునే ముసలావిడ మదామ్ జిరీ ఉంటుంది, ఆవిణ్ణి డాన్సు టీచర్ని చేసి దరోగా చెప్పాల్సిన ముక్కలు కాసిని ఆవిడ నోట్లో పెట్టారు. రెండోది, పేరు. నవలలో అతని పేరు ఎరిక్. రూఆఁ దగ్గర చిన్న ఊళ్ళో మేస్త్రీ కొడుకు. మ్యూజికల్‌లో ఆ పేరు ఒక్కసారి కూడా పలకరు. మూడోది మొహం. నవలలో పుర్రె లాంటి మొహం, ముక్కు ఉండదు, చీకట్లో కళ్ళు మాత్రమే వెలుగుతాయి. రంగం మీదేమో ఒక పక్కే పాడైంది, రెండో పక్క హీరో!

మనవాళ్ళకి ఇంకో ముక్క. నవలలో అతను ఉరి బిగించడం నేర్చుకుంది మన దేశంలోనే. దాని పేరే పంజాబ్ ఉచ్చు. మెడకు పడకుండా చెయ్యి కంటి ఎత్తున పెట్టుకోమని దరోగా పదేపదే హెచ్చరిస్తుంటాడు. ఆ చెయ్యి ఎత్తే ముచ్చట మాత్రం మ్యూజికల్‌లో ఉంచారు. ముంబై జనం దాన్ని గుర్తుపడతారా లేదా అని చూడాలనుంది.

నవల చదివినవాళ్ళకు నాటకం నచ్చదని కాదు. కానీ భయపెట్టాలి కదండీ. నా ఎదురుచూపంతా భయం కోసమే.


నల్లకుంట_నాని
9 ఫిబ్రవరి 2025, రాత్రి 11:31

అక్కా, మూడో పేరా చదివాక వంటింటి లైటు వేసి వచ్చాను.


మంజీర
10 ఫిబ్రవరి 2025, ఉదయం 7:48

నాకు చెవులతోనే పని. పన్నెండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత చర్చి కాయిర్‌లో సోప్రానోగా, అంటే పై స్థాయి గొంతుగా, చేరినదాన్ని. కాబట్టి నా బెంగ వేరు: ఆర్కెస్ట్రా ఎంతమంది?

1986 అక్టోబరులో లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్‌లో మొదలైనప్పుడు రంగం ముందు కింది గోతిలో 27 మంది వాయించేవారు. కోవిడ్ తర్వాత 2021లో మళ్ళీ తెరిచినప్పుడు ఆ సంఖ్యను 14కి దించారు. అక్కడి అభిమానులు ఎంత గోల చేసినా లాభం లేకపోయింది. మిగతా పని కీబోర్డులు చేస్తాయి. కీబోర్డులో వయొలిన్ శబ్దం వస్తుంది, కానీ పన్నెండు కమానులు ఒక్కసారి తీగెల మీద పడితే పుట్టే ఆ గరగర ఎక్కడి నుంచి వస్తుంది? కథలో దెయ్యం పాట నేర్పే అమ్మాయి క్రిస్టీన్. ఆమె తండ్రి వయొలిన్ విద్వాంసుడు. ఆ పిల్ల ఆ దెయ్యాన్ని నమ్మిందే తండ్రి పంపిన సంగీత దేవదూత అనుకుని. అలాంటి కథలో తీగెల వరస పలచబడితే నాకు సగం కథ పోయినట్టే.

ఇంకోటి. పడవ మీద వెళ్ళే పాట చివర క్రిస్టీన్ పైకి, ఇంకా పైకి ఎక్కి ఒక స్వరం అందుకుంటుందే... అది చాలా ప్రదర్శనల్లో ముందే రికార్డు చేసి వేస్తారు. ఆ పాట జరుగుతున్నంతసేపూ వాళ్ళలా వేషం వేసుకున్న డూపులు కూడా అటూ ఇటూ నడుస్తుంటారు, అందుకు. తెలిసినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు.


గోదారిగట్టు
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:15

రికార్డు వేస్తారా? డబ్బు పుచ్చుకుని?

అమ్మాయ్ మంజీరా, మా చిన్నప్పుడు రాజమండ్రిలో రాయబారం నాటకం ఆడుతుంటే షణ్ముఖి ఆంజనేయరాజుగారు కృష్ణుడు. పద్యం చివర రాగం అందుకుంటే హార్మోనియం ఆయన వెనకాల పరిగెత్తలేక రొప్పేది. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాలి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ ఒక్కటే మూడుసార్లు విన్న రాత్రులున్నాయి. రికార్డయితే వన్స్ మోర్ ఎలా అంటాం, మిషన్నా అడిగేది?

ఇంతకీ ఈ కథ నాకు పూర్తిగా తెలీదు. మనవడు ఈ చర్చ చూపించాడు. దెయ్యం అంటారు, గురువంటారు, ఉరితాడంటారు. అసలు వాడెవడు?


పాప్‌కార్న్
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, నేను చెప్తా. ఒకాయన ఒపెరా హౌస్ నేలమాళిగలో అద్దె కట్టకుండా ఉంటాడు. పైగా మేనేజర్ల దగ్గర నెలకు ఇరవై వేల ఫ్రాంకుల జీతం గుంజుతాడు. గోడ వెనక నుంచి ఒక అమ్మాయికి సంగీతం నేర్పుతాడు. అమ్మాయి వేరే అబ్బాయిని ఇష్టపడిందని తెలిసి సామాన్లు పగలగొడతాడు. ఇద్దరు ముగ్గుర్ని చంపుతాడు. చివర్లో జనం ఆయన కోసమే ఏడుస్తారు. ఇప్పుడైతే షీ టీమ్స్‌కి ఒక్క ఫోన్ కొడితే ఫస్టాఫ్‌లోనే అయిపోయే కథ.


గోదారిగట్టు
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:58

కీచకుడన్నమాట.


ఐదోబాక్సు
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 2:10

కాదు మాస్టారూ! మరీ అంత కాదు. అంటే... కొంత అవును. సాయంత్రం తీరిగ్గా రాస్తాను.


ఎడిసన్_వదిన
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:27

న్యూజెర్సీ నుంచి. నేను దీన్ని న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌లో 2023 జనవరిలో చూశాను. మూతపడుతోందని తెలిసి జనం ఎగబడుతున్న రోజులు. ఫిబ్రవరిలో ఆపేస్తామన్నారు, గిరాకీ చూసి ఏప్రిల్ 16 దాకా సాగదీశారు. 1988 జనవరి నుంచి లెక్కేస్తే మొత్తం 13,981 ప్రదర్శనలు. మా సీట్లు పైన చివరి వరసలో, పక్కన మా అత్తగారు. మామూలుగా ఇంగ్లీషు నాటకం అంటే ‘నాకెందుకే’ అంటారు, ఇంటి దగ్గర ఒంటరిగా ఉండలేక వచ్చారు.

నానీ, నీ షాండ్లియర్ సంగతి చెప్తాను, ఏడవకు. మొదటి సీను వేలంపాట. ముసలితనం వచ్చిన రౌల్, అదే క్రిస్టీన్ ఇష్టపడిన అబ్బాయి, చక్రాల కుర్చీలో ఉంటాడు. తాళాలు వాయించే కోతిబొమ్మ అమ్ముడుపోతుంది. తర్వాత 666వ నంబరు వస్తువు అంటారు, నేల మీద గుడ్డ కప్పిన గుట్ట ఒకటి. గుడ్డ లాగుతారు, లైటు మెరుస్తుంది, ఆ ఐదు స్వరాలు మోగుతాయి, అది లేచి మన నెత్తిమీదకి వెళ్ళిపోతుంది. ఒళ్ళు జలదరిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ విరామం ముందు పడేటప్పుడు మాత్రం... పడదు నాన్నా. దిగుతుంది. మా ఊరి తీర్థంలో జెయింట్ వీల్ ఆగేటప్పుడు దిగినట్టు, జాగ్రత్తగా, మర్యాదగా. మా అత్తగారు ‘ఓస్ ఇంతేనా’ అన్నారు, పైకే.

ఆవిడ కదలకుండా కూర్చుంది ఎక్కడో తెలుసా? చిట్టచివర. క్రిస్టీన్ వెళ్ళిపోయి, మళ్ళీ ఒక్కసారి వెనక్కి వస్తుంది. ఆ దెయ్యం తన వేలికి తొడిగిన ఉంగరం కోసం. ఆ కాసేపు హాలంతా దగ్గు కూడా లేదు. బయటికొచ్చాక సబ్‌వేలో అడిగారు, ‘ఆ అబ్బాయికి తల్లి లేదుటే?’ అని.


వేదిక నిర్వహణ
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:45

ముగింపు చెప్పే పోస్టులకు ముందు ‘కథ తెలిసిపోతుంది’ అని ఒక ముక్క రాయగలరు.


పాప్‌కార్న్
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:47

నవల వచ్చి నూటపదిహేనేళ్ళయింది నిర్వాహకా.


ఐదోబాక్సు
10 ఫిబ్రవరి 2025, రాత్రి 10:30

వదినగారి అత్తగారు అడిగిన ప్రశ్నకు నవలలో జవాబుంది. తల్లి ఉంది. మొహం చూడలేక మొట్టమొదటి ముసుగు ఇచ్చింది ఆవిడే. ముద్దు పెట్టబోతే ఆ ముసుగు వాడి చేతికిచ్చి పారిపోయేదిట.

మాస్టారూ, మీరు కీచకుడన్నారు. నవలలో చివరి ఘట్టం చెప్తాను, అప్పుడు అనండి. (కథ తెలిసిపోతుంది, చెప్పేశాను.) ఎరిక్ క్రిస్టీన్‌ను నేలమాళిగలో బంధించి రెండు బొమ్మలు చూపిస్తాడు, ఒకటి తేలు, ఒకటి మిడత. నన్ను పెళ్ళాడతానంటే తేలును తిప్పు, కాదంటే మిడతను తిప్పు, మందుగుండు పేలి ఒపెరా మొత్తం లేచిపోతుంది. పక్క గదిలో, అద్దాల చిత్రహింస గదిలో, రౌల్, దరోగా ఉక్కపోతకు చస్తుంటారు. ఆ పిల్ల తేలును తిప్పుతుంది. అప్పుడు వాడు భయంభయంగా ఆమె నుదుటి మీద ముద్దు పెడతాడు. ఆమె వెనక్కి జరగదు. అంతే! అరవడం, పారిపోవడం ఏమీ లేదు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. బంగారు ఉంగరం ఆమె చేతిలో పెట్టి, వెళ్ళు, ఆ అబ్బాయినే చేసుకో, నేను పోయాక మాత్రం వచ్చి దీనితో నన్ను పూడ్చిపెట్టు అంటాడు. ఈ సంగతంతా మనకు నేరుగా కనపడదు. వాడే దరోగా దగ్గరికొచ్చి ఏడుస్తూ చెప్పుకుంటాడు. తర్వాత పత్రికలో ఒక్క వాక్యం ప్రకటన, ఎరిక్ మరణించాడు అని.

మ్యూజికల్‌లో తేలూ లేదు, మిడతా లేదు. రౌల్ మెడకు ఉచ్చు వేసి ఎవరు కావాలో తేల్చుకోమంటాడు. ముద్దు పెట్టేది ఆమె. అందుకే నాకు కోపం. ముద్దు ఎవరు పెట్టారన్నది చిన్న మార్పు కాదు.


మంజీర
10 ఫిబ్రవరి 2025, రాత్రి 10:52

ఇక్కడ నేను నాటకం వైపు. నవలలో ఆమె ఊరుకుంటుంది. ఊరుకోవడం పాడలేం కదా అక్కా! రంగం మీద క్రిస్టీన్ ఏదో ఒకటి చెయ్యాలి. అదీగాక, నవలలో ఆ ఘట్టం మనకు చేరేది ఎరిక్ నోటి వెంట. ఆమె మనసులో ఏముందో లెరూ చెప్పనే లేదు. నాటకంలో కనీసం ఆమె గొంతు వినిపిస్తుంది.


ఐదోబాక్సు
10 ఫిబ్రవరి 2025, రాత్రి 11:20

...ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. రేపు ఆ అధ్యాయం మళ్ళీ చదివి వస్తాను. దరోగా విషయంలో మాత్రం తగ్గేది లేదు.


వర్లీ_వెంకట్
12 ఫిబ్రవరి 2025, సాయంత్రం 6:33

అన్నలూ అక్కలూ, ముంబై నుంచి. మా తాత మిల్లు పనికి వచ్చినప్పటి నుంచి మేమిక్కడే. పాలమూరు నుంచి వచ్చేవాళ్ళకి చాయ్ పోయించడమే మా ఇంటి పని అనేవాడాయన. అదే పని నేను చేస్తా. రైలైతే దాదర్లో దిగండి. సాయంత్రం బాంద్రా కుర్లా కాంప్లెక్స్ రోడ్డు మీద టాక్సీలో కూర్చుంటే మొదటి పాట పోయినట్టే. గంటన్నర ముందు బయల్దేరండి. ఆలస్యమైతే మధ్యలో లోపలికి పంపకపోవచ్చు, ఇది మన సినిమా హాలు కాదు.

ఆ థియేటర్ నేను చూశా. 2023లో ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ వచ్చింది కదా, అప్పుడు. రెండు వేల సీట్లు. పెద్దది.

నా ఎదురుచూపా? నాకు మెట్ల సీను. ముసుగుల విందులో మెట్ల నిండా మనుషులుంటారు చూడండి. అందులో కొందరు మనుషులు కాదట, బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెడతారట. ఏవి బొమ్మలో పట్టుకోవాలి.


గోదారిగట్టు
12 ఫిబ్రవరి 2025, రాత్రి 8:05

బొమ్మలు నిలబెట్టడం, పడవ నడపడం, దీపాలు నేలలోంచి లేవడం... ఇవన్నీ మా సురభి వాళ్ళు చేసినవే నాయనా. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలెట్టారు. మాయాబజార్‌లో బాణానికి బాణం ఎదురొచ్చి మంట లేచేది, ఘటోత్కచుడు పొగలోంచి దిగేవాడు. పైన అడ్డదూలం మీద కుటుంబంలో కుర్రాడు ఒకడు తాడు పట్టుకుని కూర్చునేవాడు. మేం పిల్లలం తాడు కనపడుతుందేమోనని మెడలు నొప్పెట్టేలా చూసేవాళ్ళం. ఒకసారి కనపడింది కూడా. అయినా ఏమీ పోలేదు. తాడు చూస్తూనే నమ్మాం.

అందుకే షాండ్లియర్ మెల్లిగా దిగిందని ఆ అమ్మాయి అంటే నాకు నవ్వొచ్చింది. తాడు కనపడ్డా నమ్మించేది పాటగాడు. నేను చూడదలుచుకుంటే ఒకటే చూస్తాను. ముసుగు తీశాక కూడా వాడి గొంతు అలాగే ఉంటుందా, మారుతుందా? పద్యనాటకంలో దుర్యోధనుడు తొడ విరిగాక పద్యం చదివే తీరు వేరు. అది వచ్చినవాడు నటుడు, రానివాడు గాయకుడు.


మంజీర
12 ఫిబ్రవరి 2025, రాత్రి 8:19

మాస్టారూ, ఇది రాసి గోడకి అంటించుకుంటున్నాను.


నల్లకుంట_నాని
12 ఫిబ్రవరి 2025, రాత్రి 8:40

షాండ్లియర్ కోసం టికెట్టు కొన్నవాణ్ణి ఇప్పుడేం చేయమంటారు?


పాప్‌కార్న్
12 ఫిబ్రవరి 2025, రాత్రి 8:41

హెల్మెట్ అమ్మెయ్ అన్నా.


మంజీర
15 ఫిబ్రవరి 2025, ఉదయం 10:02

ఒక పక్కదారి ప్రశ్న. క్రిస్టీన్ నమ్మేది ‘ఏంజెల్ ఆఫ్ మ్యూజిక్’ని. దీన్ని తెలుగులో ఏమంటారు? నేను పైన దేవదూత అన్నాను కానీ అది క్రిస్మస్ కార్డులా ఉంది.


ఐదోబాక్సు
15 ఫిబ్రవరి 2025, ఉదయం 10:15

గంధర్వుడు. ఇంకో మాట లేదు. పాడతాడు, కనపడడు, శాపం తగిలి ఉంటాడు, మనుషుల ఆడపిల్లల్ని చూసి మనసు పారేసుకుంటాడు. లెరూ మన పురాణం చదివి రాశాడా అన్నట్టుంటుంది.


పాప్‌కార్న్
15 ఫిబ్రవరి 2025, ఉదయం 10:31

మరి తెలుగులో వేస్తే ఎలా ఉంటుంది? హీరోకి ఇంట్రో సాంగ్ పెట్టాలి. సరస్సు మీద కాదు, హుస్సేన్‌సాగర్ మీద. దరోగాగా మంచి కమెడియన్.


ఐదోబాక్సు
15 ఫిబ్రవరి 2025, ఉదయం 10:33

దరోగా జోలికి రాకు.


గోదారిగట్టు
16 ఫిబ్రవరి 2025, ఉదయం 5:50

నిద్ర పట్టక ఒక ఆటవెలది కట్టాను. క్రిస్టీన్ పాడినట్టు.

ముసుగు చాటు పాట మురిపించు నెందాక
దీప మార్పినంత తెలియు మోము
నీటి యడుగు నింట నిదురించు గంధర్వ
నిన్ను జూచి గూడ నిలుతు నేను


మంజీర
16 ఫిబ్రవరి 2025, ఉదయం 6:40

మోహనలో పాడి చూశాను. ‘నిలుతు నేను’ దగ్గర ఆగిపోయాను. మోహన కాదు మాస్టారూ, ఇది శివరంజని. దీపం ఆర్పితే మొహం తెలియడమా! ఆ మాట ఇంగ్లీషు పాటలో కూడా లేదు.


ఎడిసన్_వదిన
16 ఫిబ్రవరి 2025, ఉదయం 8:12

మా అత్తగారికి చదివి వినిపించాను. ‘ఈయన్ని ముంబై తీసుకెళ్ళండి’ అన్నారు.


గోదారిగట్టు
16 ఫిబ్రవరి 2025, ఉదయం 9:00

ఇంగ్లీషు పాట నాకెక్కడ అర్థమవుతుందమ్మా? మోకాళ్ళు కూడా సహకరించవు. మీరు చూసొచ్చి చెప్పండి, చాలు.


పాప్‌కార్న్
18 ఫిబ్రవరి 2025, రాత్రి 10:44

వెటకారం పక్కన పెట్టి ఒకటి రాస్తున్నా. మొన్న నవల ఇంగ్లీషు అనువాదం మొదలుపెట్టి రెండు రాత్రుల్లో అవగొట్టాను. నాకు నచ్చింది భయం కాదు, మేనేజర్లు. కొత్తగా వచ్చిన ఇద్దరు మేనేజర్లు దెయ్యం ఉత్తరాన్ని పాతవాళ్ళ ఆటపట్టింపు అనుకుని నవ్వుకోవడం, తర్వాత కోటు వెనక జేబులో పెట్టిన డబ్బు పిన్నీసు గుచ్చినా మాయమవడం. అది చదువుతూ బస్సులో గట్టిగా నవ్వాను. మ్యూజికల్‌లో ఈ మేనేజర్ల కామెడీ ఉంచారని నాని అన్న చెప్పాడు. నా ఎదురుచూపు వాళ్ళ కోసం. అందరూ దెయ్యాన్నే చూస్తుంటే, ఆఫీసులో కూర్చుని లెక్కలు సరిపోక ఏడిచేవాళ్ళని నేను చూస్తాను.

అయితే ఒకటి. ఆయన చేసింది ప్రేమ అని ఎవరన్నా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పిల్లకి తండ్రి పోయాడు, అది కనిపెట్టి తండ్రి పంపినవాడిలా నాటకమాడాడు. గురువు చెయ్యాల్సిన పనేనా అది? చూసేటప్పుడు ఏడుపొస్తే ఏడుస్తా. కానీ ఒప్పుకోను.


ఐదోబాక్సు
18 ఫిబ్రవరి 2025, రాత్రి 11:02

ఒప్పుకోవక్కర్లేదు తమ్ముడూ. లెరూ కూడా ఒప్పుకోమనలేదు, జాలి పడమన్నాడంతే. నేనూ ఆ అధ్యాయం మళ్ళీ చదివాను. మంజీర చెప్పింది నిజం, ఆ గదిలో క్రిస్టీన్ ఏమనుకుందో పుస్తకంలో లేదు. ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను, అది లేదని నాకు తట్టలేదు. కాబట్టి నా ఎదురుచూపు కాస్త మారింది. ముద్దు ముందు ఆమె ఎంతసేపు ఆగుతుందో చూస్తాను. గబుక్కున పెట్టేస్తే మాత్రం నా దరోగాని నాకు తిరిగిచ్చేయాలి.


నల్లకుంట_నాని
24 ఫిబ్రవరి 2025, రాత్రి 9:30

రైలు టికెట్లు కన్ఫర్మ్. ఒకటే టెన్షన్. పోయినేడాది ఒక ఊళ్ళో, ఒక హాల్లో, పేర్లు వద్దులెండి, ఏదో సంగీత నాటకం చూడ్డానికి వెళ్తే మైకులు ఒకటే కీచుమన్నాయి, ముందు వరసాయన ఫస్టాఫ్ మొత్తం ఫోన్లో తీశాడు. ఆయన ఫోన్ తెరలోనే నేను నాటకం చూశాను. ఈసారి అలా కాకూడదని మొక్కుకున్నాను.

అమ్మ కూడా వస్తానంటోంది. ‘పన్నునొప్పాయన్ని దగ్గర్నుంచి చూడాలి’ట. ఇక ఇంట్లో ఖర్చు చెప్పక తప్పలేదు.


గోదారిగట్టు
27 ఫిబ్రవరి 2025, ఉదయం 6:25

రాత్రి శివరాత్రి జాగారం. గుడి దగ్గర నాటకం వేశారు. కుర్రాళ్ళు బాగానే ఆడారు, మైకు గోలలో పద్యం సగం పోయింది. తెల్లవారుజామున మూడింటికి జనం పలచబడ్డాక, చంద్రమతి వేసిన అబ్బాయి కాటిసీనులో గొంతు పూర్తిగా పోయి, ఉన్న గొంతుతోనే నెమ్మదిగా చదివాడు. వన్స్ మోర్ అనబోయి ఊరుకున్నాను. అనకూడదనిపించింది.

ఇంటికొస్తూ మీ దెయ్యం గుర్తొచ్చాడు. ఎడిసన్ అమ్మాయీ, ఒక్క సంగతి చెప్పు. ఆ పిల్ల ఉంగరం కోసం వెనక్కి వచ్చిందన్నావు. తీసుకెళ్ళడానికా, ఇచ్చేయడానికా?


ఎడిసన్_వదిన
27 ఫిబ్రవరి 2025, ఉదయం 7:10

ఇచ్చేయడానికి, బాబాయ్ గారూ.


గోదారిగట్టు
27 ఫిబ్రవరి 2025, ఉదయం 7:31

వర్లీ అబ్బాయ్, ఆ హాలుకి లిఫ్టు ఉందా?


వర్లీ_వెంకట్
27 ఫిబ్రవరి 2025, ఉదయం 7:33

ఉంది తాతా. లేకపోతే ఎత్తుకుని తీసుకెళ్తాం. దాదర్లో దిగాక ప్లాట్‌ఫారం మీదే ఉండండి, నేనొస్తా.